ఉగాదినాటి జొన్నన్నం

తమ్ముడూ,

చదవడానికి నువ్వు లేవని తెలిసే రాస్తున్నా. నువ్వు పోయాక మా నందిగామ ఇంట్లో అందరం కలిసి ఉగాది చేసుకోవడం ఇవాళే. నీ సంవత్సరీకం కాలేదని నిరుడు మానేశాం. జగ్గయ్యపేట నుంచి నీ భార్యా, కూతురూ పొద్దున బస్సుకే వచ్చారు.

మీ బావకీ నీలాగే చక్కెర జబ్బేనని డాక్టరు తేల్చాడు. కొత్త ఏడు కదా అని ఇవాళే నడక మొదలెట్టి మునేటి ఒడ్డు దాకా వెళ్ళొచ్చారు. నేను జొన్నన్నం వండా. అది చూసి నీ భార్య, "పండగపూట జొన్నన్నమేంటి వదినా?" అంది. అని, తలొంచుకుంది.

ముందటేడు నువ్వు అడిగిందీ ఇదేగా! "ఇవాళ మొదలుపెడితే ఏడాదంతా నిలుస్తుందక్కా, నాకు జొన్నన్నం పెట్టు" అన్నావు. నేను ఇంతెత్తున లేచా. "ఉగాదినాడు జొన్నన్నం తింటే ఏడాదంతా అదే గతి. తమ్ముడికి వరన్నం పెట్టలేదని నలుగురూ నన్నంటారు. రేపట్నుంచి మొదలెట్టుకో" అన్నా. బొబ్బట్లు వేసి నెయ్యి పోసా. తర్వాత ఎవరు తీపి వద్దన్నా, "మా అక్క పెడితే తిన్నా, ఏమైంది?" అనేవాడివట. దసరాకి కాలి పుండు మానకుండానే పోయావు.

ఇవాళ పిల్లదానికని నాలుగు బొబ్బట్లు చేశా. రెండోది వెయ్యబోతే, "చాలత్తా" అంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆగిపోయా.

నువ్వూ అలా చెయ్యి అడ్డం పెట్టుంటే ఎంత బాగుండేదిరా, అనుకున్నా.

పెట్టావు. నేనే తోసేశా.

మీ అక్క