గంగవ్వ కంట్లో మందు

1974 జనవరి, మంగళవారం

చెరుకాకు కోసుకుని పుండుపడ్డ గంగవ్వ కంట్లోకి నిన్న నేనే సూదితో మందు ఎక్కించాను. ఆమె బోధన్ నుంచి మా ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చింది. అంతవరకు పక్కింటి బాలింత పాలు కంట్లో పోయించుకుందట.

మందు లోపల ఎంతసేపు నిలుస్తుందో హైదరాబాద్‌లో పరిశోధన చేసే రోజుల్లో కుందేళ్ల కళ్ల లోపలి నీరు సూదితో తీసి కొలిచేవాళ్లం. ఆ లెక్క ఈమెకేం పనికొస్తుంది! ఈ కంట్లో కొలవాలంటే మళ్లీ గుచ్చాలి. తట్టుకోదు.

"మందు ఇంక లోపల్నే ఉన్నదా, సారూ?" అని పొద్దున అడిగింది.

ఉందో పోయిందో నాకేం తెలుసు? "ఉన్నదమ్మా" అన్నాను.

మంచి కన్ను మూసి, నా వేళ్లెన్నో చెప్పమన్నాను.

"రెండు, సారూ" అంది, నన్ను సంతోషపెట్టాలన్నట్టు.

నేనింకా చెయ్యి ఎత్తనేలేదు.