క్యాసెట్‌లో నీ దగ్గు

సుజాతా,

ఆ రోజు పొద్దున, బడికి వీడియో వాళ్ళు వస్తారని ఇస్త్రీ చీర కట్టుకున్నావు. దగ్గుతూనే, "కల్లంలో మిరపకాయల ఘాటులే అక్కా" అన్నావు. నేనూ అదే అనుకుని పూజకు కూర్చున్నాను.

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ టీచర్ల శిక్షణ వాళ్ళు ఆ రోజు తీసిన వీడియో క్యాసెట్ తెచ్చి చూపించారు. ఒకే గదిలో ఒకరికి అక్షరాలు దిద్దించావు, ఇంకొకరి చేత కథ చదివించావు. ఒక పిల్ల ఒక్క మాట దగ్గర ఆగిపోతే పక్కనే కూర్చున్నావు. దగ్గు తెర వచ్చినా ఆ మాట కింద పెట్టిన వేలు తీయలేదు.

"దగ్గు కత్తిరించేస్తామండీ" అన్నారు వాళ్ళు. తమ్ముడు తలూపాడు.

"ఏరా, దగ్గితే నీకేం అడ్డం? పిల్ల చదివేదాకా అది వేలు తీసిందా?" అంది అమ్మ.

సాయంత్రం అందరం కూర్చుని, దగ్గు అలాగే ఉంచమని చెప్పాలనుకున్నాం.

అక్క