నాన్న పేరు ఎర్రబడింది
మంగళవారం, పడుకోబోయే ముందు

ఆఫీసులో ఆంటాలజీ ట్రైనింగ్ మొదలైంది. ఏది దేనికి ఏమవుతుందో కంప్యూటరుకు తెలిసేలా చెప్పడమన్నమాట. అలవాటు కోసం ముందు ఎవరి కుటుంబాన్ని వాళ్ళు ఎక్కించమన్నారు. మా నాన్న అమ్మకు సొంత మేనమామ. మేనమామ, భర్త అని రెండు వరసలూ పెట్టగానే తెర మీద నాన్న పేరు ఎర్రబడింది. మేనమామ భర్త కాకూడదని ట్రైనింగ్ మేడమ్ ముందే నియమం రాసి పెట్టిందట. ఏదో ఒకటి తీసెయ్యమని హిందీలో చెప్పింది. పక్కవాళ్ళు నవ్వారు. తీయడానికి నాకు చేతులు రాలేదు.

సాక్చి బజారులో ఆటో మారి ఇంటికొచ్చేసరికి అమ్మ రొట్టెలు కాలుస్తోంది. ఆఫీసులో జరిగింది చెప్పాను.

"ఒకటే ఉంచాలంటమ్మా. ఏటి ఉంచమంటావు?"

అమ్మ గుమ్మంలో కూర్చున్న నాన్న వైపు చూసింది. ఈమధ్య ఆయన నన్ను కూడా ఎవరమ్మా నువ్వు అని అడుగుతున్నాడు.

"మావ అనే ఉంచు. మొగుణ్ణన్న సంగతి మర్సిపోనాడు. మావా అంటే ఇంకా పలుకుతన్నాడు."

తర్వాత రోజూలాగే కేకేసింది. "మావా, రొట్టి సల్లారిపోతంది."

"వత్తన్నానే బుల్లీ" అన్నాడు నాన్న.

రేపు మేడమ్‌ని ఆ నియమమే తీసెయ్యమని అడగాలి. బుల్లి అన్నది అమ్మ చిన్నప్పటి పిలుపు, నాన్న ఇప్పుడు ఆ రోజుల్లోనే ఉన్నాడు. నేను ఆ తర్వాతెప్పుడో పుట్టినదాన్ని...