రేడియోలో గాలయ్య పాటలు

మెదక్,
1950 మార్చి

నర్సింగమన్నకు,

నువ్వు రాసిన పాటల కథ రేడియోలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ హోటల్ ముందు నిలబడి, పాటలన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఆరు పాటలూ మా ఆయన గాలయ్య కట్టినవే. ఆయన పక్కన డక్కీ వాయించిన నీకు ఆ సంగతి నేను చెప్పాలా?

పాటల మధ్య కథ మాత్రం నీది. అందులో పాటగాడు మిలిటరీని చూసి, దళాన్ని వదిలి పారిపోతాడు. కౌడిపల్లి దగ్గర నిన్ను తప్పించడానికే కదా ఆయన తుపాకులకు ఎదురు నిలబడి చచ్చిపోయాడు! చూసినవాడివి నువ్వొక్కడివే, వచ్చి నాకు చెప్పిందీ నువ్వే.

నిన్న మా బిడ్డ అడిగింది: "అమ్మా, నాయిన భయపడి ఉరికిండా?"

కాదంటే నమ్మడం లేదు. రేడియోలో అబద్ధం చెప్పరంటోంది. నువ్వే వచ్చి దానికి చెప్పు.

గాలయ్య భార్య