పరుపు లేని బట్టలంగడి

నాయనకు ఆంజి దండాలు, ఈడ నేను బాగున్నాను.

మనం బట్టలు కొనే సావుకారి అంగడిని కొత్తగా మార్చే పని మా వడ్రంగి మేస్త్రీకి దొరికింది. ప్లాను నన్నే గీయమన్నాడు! బేరానికొచ్చినవాళ్లు కూర్చునే పరుపు మాత్రం తీయొద్దని సావుకారు పట్టుబట్టాడు. నాకు మండింది.

"ఆ పరుపు మింద మా నాయనను ఎప్పుడన్నా కూచోబెట్టినావా సామీ? మెట్ల కాడ్నే నిలబెట్టి గుడ్డ ఇసిరితివి గదా! పరుపుంటే నేను ఉలి పట్టను" అన్నాను.

మేస్త్రీ హడలిపోయి, "ఎదురంగట్లో పరుపు ల్యా, కౌంటరే సామీ, జనమంతా ఆడికే పోతాండారు" అన్నాడు. సావుకారు వెంటనే ఒప్పుకున్నాడు, నా మాటకు కాదు, ఎదురంగడి మీద కుళ్లుతో! ఏదైతేనేం, పరుపు పోయింది.

కౌంటరు చెక్క చెక్కేదానికి తాత బాడిసె గార్లదిన్నె బస్సులో పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది? చెల్లెలు రూతును అడిగానని చెప్పు. అంగడి తెరిచే రోజు అమ్మను పిలుచుకొని తిన్నగా లోపలికి రా. పది చీరలు విప్పించి చూడనీ, నచ్చకపోతే కొననే వద్దు.

నీ కొడుకు ఆంజి