డెల్మర్ లేని డెల్మర్ ఆల్బం

నాష్‌విల్

కెంటకీ కొండమీద అందరినీ అదుపులో పెట్టే ఓర్ఫా అక్కకు,

జీవితమంతా ఎవరెవరి పాటల వెనకో గిటార్ వాయించాను. ఇన్నాళ్ళకి నా పేరుతో ఆల్బం! వేళ్ళు బిగుసుకుపోతున్నాయి కదా, ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. ఫిడేలుకి లొంజో, బాంజోకి విల్మా అతిథులుగా వచ్చారు. మొదటి పాట టేపు పంపుతున్నాను. విని ఏడవకు.

నీ తమ్ముడు డెల్మర్

తా.క.: స్టూడియోలో బీన్స్, మొక్కజొన్న రొట్టె నేనే వండిపెట్టాను. లొంజో రొట్టె తిన్న చేత్తోనే ఫిడేలు పట్టుకున్నాడు.

*

ఒరే డెల్మర్,

ఏడవలేదు, తిట్టాను. ఫిడేలు బాగుంది. బాంజో అదిరింది. నువ్వెక్కడ చచ్చావురా? మధ్యలో కుర్చీ కిర్రుమంది, అది నువ్వేనా?

మండిపడుతున్న అక్క

తా.క.: చర్చిలో వినిపించాను. "లొంజో ఆల్బం భలే ఉందమ్మా" అన్నారు పాస్టరుగారు.

*

అక్కా, కాస్త శాంతించు.

మన వరండాల్లో పాట మొదలైతే ఇంటివాడు ముందు వాయిస్తాడా ఎక్కడైనా? నా వంతు రాగానే 'మీరు వాయించండి' అన్నట్టు లొంజో వైపు తల ఊపాను. అతను వాయించి విల్మా వైపు ఊపాడు. ఆవిడ వాయించి నా వైపు ఊపింది. "అబ్బే, మీరే కానివ్వండి" అన్నాను. పాట అయిపోయింది. అలాగే తొమ్మిది అయిపోయాయి! పదోదైనా వాయిద్దామని గిటార్ ఎత్తానా, గుమ్మంలో ఎవరో మౌతార్గాన్‌తో నిలబడ్డాడు. లోపలికి రమ్మనకుండా ఎలాగే?

నీ నిర్భాగ్యుడు

తా.క.: ఆయన హీటరు బాగుచేయడానికి వచ్చాడట.

*

మర్యాదస్థుడైన తమ్ముడికి,

స్టూడియో యజమాని టీగ్‌గారితో మాట్లాడాను. ఆల్బం ఇక నీది కాదు, నాది. పది పాటలూ మళ్ళీ మొదట్నుంచి. పాడేది నేను, నువ్వు నా అతిథివి. నేను తల ఊపితే కాదంటావా, చూస్తా! నేను పోయేలోగా నీ గిటార్ తనివితీరా వినాలిరా, అంతే.

శుక్రవారం బస్సు దిగుతున్న ఓర్ఫా

తా.క.: లొంజోనీ విల్మానీ వంటింట్లో పెట్టు.

*

అక్కా,

నువ్వు తిరుగు బస్సెక్కాక టేపు మొత్తం విన్నాను. పది పాటల్లోనూ నేనే! వేళ్ళు వాచిపోయాయి, మనసు గాల్లో తేలుతోంది. కానీ నువ్వెక్కడే? ప్రతి పాటలోనూ నువ్వు పాడతావని ఆగాను. నువ్వేమో నా వైపు తల ఊపుతూనే కూర్చున్నావు!

నీ అతిథి

తా.క.: అట్టమీద నీ పేరే అచ్చయిపోయిందట. మీ చర్చికి ఒకటి పంపితే, "ఓర్ఫాగారు గిటార్ ఇంత బాగా వాయిస్తారా!" అని ఫోన్ చేశారు పాస్టరుగారు.