రజా దొరికింది

కోరుట్ల

ప్రియమైన తమ్మీ పరుశురాం,

నువ్వు పిరికివాడివి. కోర్టు కాగితాన్ని దేవుడి పటం వెనక దాచిన మనిషిని ఇంకేమనాలి? సూరత్ రింగ్ రోడ్ నూలు వ్యాపారి నీకు చీకిన నూలు అంటగట్టాడు. పోగు పోగుకూ తెగుతోందని సగం తిప్పి పంపావు. అయినా నువ్విచ్చిన చెక్కు పట్టుకుని మొత్తం పైకానికీ దావా వేశాడు. మా బీడీ యూనియన్ వకీలును అడిగాను. ఇది మామూలు దావా కాదట. "నా మాట కూడా వినండి" అనడానికే ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలట. దాన్ని లీవ్ అంటారట. గడువులోగా అడగకపోతే నువ్వు లేకుండానే తీర్పు రాసేస్తారు. మిల్లులో షిఫ్టు దిగాక నడుపుకునే నీ రెండు మగ్గాలూ జప్తుకు పోతాయి. ఉన్నవాడు నేరుగా అరవొచ్చు, లేనివాడు నోరు తెరవడానికి అర్జీ పెట్టాలి. ఇదేం న్యాయం? ఆ సంగతి తర్వాత తేలుస్తాను, ముందు నువ్వు లీవ్ అడుగు.

ఫోన్లో మగ్గాల మోత తప్ప నీ మాట వినపడదు. రాయి.

నీ అక్క,
జమున


కిమ్, సూరత్

ప్రియమైన అక్కకు,

తిట్టినా మంచిగనే రాసినవు. పక్కనున్న కామ్‌రేజ్ ఊర్ల వకీలమ్మను కలిసిన. ఆమె గుజరాతీ సగమే సమజైంది. లీవ్‌ను ఇక్కడ రజా అంటరు. మొదలు రజా కావాలె, తర్వాతనే మాట్లాడుడు అన్నది. తెచ్చుకున్న. ఇంత అల్కగ ఇస్తరనుకోలే. సేఠ్ సంతకం పెట్టిండు, చాయ్ గూడ తాపిండు. చిట్టీ జేబుల ఉన్నది. ఇగ రంది పెట్టుకోకు.

నీ తమ్ముడు,
పరుశురాం


కోరుట్ల

ప్రియమైన తమ్మీ,

నీ ఉత్తరం యూనియన్ ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. బీడీలు చుట్టే మా లింగవ్వ చప్పట్లు కొట్టింది. కొట్టి, తనే అడిగింది: "కోర్టుల సేఠ్ ఏందే జమునా? జడ్జి గదా ఉండేది?"

ఎటు తిప్పి చదివినా ఒకటే తోస్తోంది: ఆ నూలు సేఠ్‌తో చాయ్ తాగి రాజీపడ్డావు. ఏం రాసిచ్చావు? మగ్గాలా? లేక నేనే తప్పుగా చదువుతున్నానా? కోపం నీ మీద చూపాలో, సేఠ్ మీద చూపాలో, కోర్టు మీద చూపాలో, అదైనా చెప్పు.

ఏమీ అర్థం కాని నీ అక్క,
జమున


కిమ్

ప్రియమైన అక్కకు,

చాయ్ తాపింది మా మిల్లు సేఠ్. ఇక్కడ రజా అంటే సెలవు, అనుమతి, రెండూనట. మిల్లుల నేను విన్నది సెలవే. కోర్టుకు పోవాలంటే డ్యూటీకి సెలవు పెట్టాలె గావచ్చు అనుకున్న. చిట్టీ చూపిస్తే వకీలమ్మ తల పట్టుకున్నది. అప్పటికే గడువు దాటింది. ఆలస్యం మన్నించుమని ఒక అర్జీ, లీవ్ కోసం ఇంకొకటి పెట్టింది. నూలు చీకిందని నాతోటి ప్రమాణం రాయించింది. సెలవు చిట్టీ గూడ జతచేసింది.

నూలు సేఠ్ వకీలు ఇదంత సాకు అని నవ్విండు. జడ్జి నవ్వలే. రజా ఎందుకు తీసుకున్నవని నన్నే అడిగిండు.

"కోర్టుకు రానీకె, సాబ్" అన్న.

చిట్టీ మళ్లొకసారి చూసి అన్నడు: "ఈ మనిషి రజా అడిగిండు. తప్పు గుమ్మంల అడిగిండు."

ఆలస్యం మాఫ్ చేసి, వాదించుకోనీకి లీవ్ ఇచ్చిండు. ముందుగాల పైసలు కట్టుమని షరతు గూడ పెట్టలే. సంతకం జడ్జిదేనా అని వకీలమ్మతోని చదివించుకున్న.

ఇది గెలుపు గాదక్కా, నోరు తెరవనిచ్చిండ్రు, గంతే. అందుకే తెరుస్తున్న.

నీ తమ్ముడు,
పరుశురాం

నా డిమాండ్లు, నీ యూనియన్ కరపత్రాల లెక్కనే:

1. రాజీపడ్డవన్న మాట వాపస్ తీసుకో.

2. నాకొచ్చే కోర్టు కాయితం తెలుగుల ఉండాలె.

3. చీకిన నూలు కండె ఒకటి నా దగ్గర మిగిలింది. నూలు సేఠ్ కోర్టుల నిలవడి, దాని పోగు తన చేత్తోనే గుంజి చూడాలె.